చివరి వీధి కొళాయి లెక్క: కౌన్సిల్ ఎజెండాలో సొంత విన్నపాలు, ఊరి ఆస్తులు

(పట్టణ కౌన్సిలర్లు, వార్డు కమిటీ సభ్యుల కోసం జరిగిన సమావేశంలోని ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు నుంచి ఎత్తి రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినబడుతోందా అమ్మా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

మీ చేతికి నెలనెలా ఎజెండా వస్తుంది. అందులో రెండు రకాల అంశాలుంటాయి. బ్లీచింగ్ పౌడరు కొనుగోలు, కాలువ పూడికతీత, టెండర్ల ఆమోదం, ఇవి ఒక రకం. వీటి గురించి ఇవాళ మాట్లాడను. రెండో రకం, ఎవరో ఒకరు తమ కోసం అడిగేవి. అపార్ట్‌మెంటుకు పెద్ద కొళాయి, ఫంక్షన్ హాలుకు నీళ్లు, కాలనీ ఖాళీ స్థలంలో సంఘానికి హాలు, దుకాణం లీజు పొడిగింపు, ఇంటి ముందు రోడ్డు తవ్వుకోవడానికి అనుమతి. అడగడంలో తప్పు లేదు. పన్ను కడుతున్నారు, అడుగుతారు. అడిగే హక్కుంది. మరి ఇవ్వాలా వద్దా అని మీరు దేన్నిబట్టి తేలుస్తున్నారు?

ఒక సంగతి గమనించండి. అడిగేవాళ్లు మీ ఇంటికి వస్తారు, కమిషనర్ గారి చాంబరుకు వస్తారు, మీటింగు రోజు వరండాలో నిలబడతారు. పోగొట్టుకునేవాళ్లు రారు. ఎందుకు రారు? తమకేదో పోతోందని వాళ్లకు తెలియదు కాబట్టి. ఆ అపార్ట్‌మెంటుకు నీళ్లిస్తే తగ్గేది ఏ వీధిలోనో ఎజెండాలో ఉండదు. ఆ హాలు కడితే పిల్లలు ఆడుకునే చోటు పోతుందని ఎజెండాలో ఉండదు. అక్కడికి రాని ఆ జనం తరఫున కూర్చున్నది మీరొక్కరే. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కూడా కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. నీటి సరఫరా అందులో ఉంది, పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి. చట్టం చేసి రాష్ట్రం మీకు అప్పగించే పనులవి. అప్పగించింది చూసుకోవడానికి, పంచిపెట్టడానికి కాదు.

ముందు నీళ్ల సంగతి. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే లెక్క తేలిగ్గా వేయగలిగింది ఇదే, ఎవరూ వేయనిదీ ఇదే.

ఒక అంశం చదువుతాను, వినండి. ‘ఫలానా వీధిలోని అపార్ట్‌మెంటు యజమానులు 50 మిల్లీమీటర్ల కొళాయి కనెక్షన్ కోరినందున, ఇంజనీరింగు విభాగం సిఫార్సు మేరకు, కౌన్సిల్ ఆమోదార్థం.’ ఇంతే. మీరందరూ ఇలాంటివి చూసే ఉంటారు. ఇందులో ఏం లేదో చెప్పండి. ఎన్ని ఫ్లాట్లో లేదు. ఎంతమందో లేదు. ఏ ట్యాంకు కింద వస్తుందో లేదు. ఆ ట్యాంకులో మిగులుందో లేదో లేదు. మురుగు ఎటు పోతుందో లేదు. మరి దేన్ని చూసి ఆమోదిస్తున్నట్టు?

సరే, మనమే వేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. అరవై ఫ్లాట్లు అనుకోండి. ఫ్లాటుకు ఐదుగురు, 300 మంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు అని కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ చెబుతుంది. డ్రైనేజీ లేని చోట 70 అని 1999 నాటి మాన్యువల్లో ఉండేది. అపార్ట్‌మెంటువాళ్లు 135కు తక్కువ వాడరు. 300 మందికి 135 చొప్పున 40,500 లీటర్లు. రోజుకు. గుర్తుపెట్టుకోండి, 40,500.

ఇప్పుడు ట్యాంకు వైపు చూద్దాం. 5 లక్షల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, రోజుకొక్కసారి నిండుతుంది. దాని కింద 4,200 మంది ఉన్నారనుకోండి. వందలో 20 వంతులు లీకుల్లో, లెక్కకు రాని కొళాయిల్లో పోతుందనుకుందాం. నిజానికి చాలా ఊళ్లలో ఇంతకంటే ఎక్కువే పోతుంది. మిగిలేది 4 లక్షలు. మనిషికి 95 లీటర్లు. అందులోంచి 40,500 తీసేస్తే మనిషికి దాదాపు 86. ‘తొమ్మిది లీటర్లే కదా తగ్గేది, ఇచ్చేద్దాం’ అంటారు. కౌన్సిల్లో ఎవరో ఒకరు ఈ మాట తప్పకుండా అంటారు.

అక్కడే మోసపోతాం. తొమ్మిది లీటర్లు అందరికీ సమానంగా తగ్గవు. గంటసేపు వదిలే సరఫరాలో ట్యాంకుకు దగ్గరున్నవాళ్లు ముందు పట్టుకుంటారు, వాళ్లకేం తగ్గదు. తగ్గేదంతా చివరి వీధులకు. ఆ లైను చివర రెండు వీధుల్లో 600 మంది ఉన్నారనుకోండి. ఇప్పుడు వాళ్లకు వచ్చేది దాదాపు 57,000 లీటర్లు. అందులోంచి 40,500 పోతే? 16,500. దాన్ని 600 మందికి పంచండి. ఎంతొచ్చింది? మనిషికి 27 లీటర్ల చిల్లర. రెండు బిందెలు. తాగడానికి, వంటకు, స్నానానికి, గిన్నెలకు, అన్నిటికీ కలిపి రెండు బిందెలు! సగటు చూస్తే తొమ్మిది లీటర్లు తగ్గింది, చివరి వీధి చూస్తే మూడింట రెండు వంతులకు పైగా పోయింది. ఉన్నదున్నట్టు ప్రతిచోటా ఇంత సూటిగా జరగదు, పైవీధుల్లోనూ కొంత తగ్గుతుంది. కానీ జరిగేది ఈ దిక్కుగానే. అందుకని సగటు చెప్పి సిఫార్సు చేసే నోటును ఒప్పుకోకండి. చివరి వీధి అంకె అడగండి.

ఇంకో సంగతి, పైపు సైజు. మామూలు ఇంటి కొళాయి అరంగుళం, అంటే 15 మిల్లీమీటర్లు. వీళ్లు అడిగింది 50. సైజు మూడు రెట్లకు కొంచెం ఎక్కువ, అంతేగా అనిపిస్తుంది. కానీ పైపు నోరు 11 రెట్లు పెద్దది. పెద్ద పైపులో రాపిడి తక్కువ కాబట్టి నీళ్లు పారేది 11 రెట్ల కంటే కూడా ఎక్కువ. వీధిలో ఉన్నది 100 మిల్లీమీటర్ల లైను అయితే, దాని మీద 50 పెట్టాక కింది ఇళ్లలో ప్రెషరు ఏమవుతుందో ఏ ఫిట్టరునైనా అడగండి, చెబుతాడు. ఒక అంతస్తు ఇంటికి 7 మీటర్లు, రెండంతస్తులకు 12 మీటర్ల ప్రెషరు, అంటే నీళ్లు అంత ఎత్తుకు ఎక్కేంత ఒత్తిడి, ఉండాలన్నది 1999 మాన్యువల్ లెక్క. ఈ కనెక్షన్ ఇచ్చాక చివరి ఇంటి దగ్గర ఎంత ఉంటుందో గేజి పెట్టి చూశారా అని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడగండి. గేజి ఖరీదు పెద్దది కాదు, పది నిమిషాల పని.

ప్రెషరు పడిపోతే జనం ఏం చేస్తారు? లైనుకే మోటారు బిగిస్తారు. మోటారు లాగినప్పుడు పైపులో ఖాళీ ఏర్పడుతుంది, పైపు ఎక్కడ చిట్లి ఉంటే అక్కడి నుంచి పక్క కాలువ నీళ్లు లోపలికి పోతాయి. వానాకాలంలో ఒకే వీధిలో వరసగా వాంతులు, విరేచనాలు వచ్చాయంటే ముందు వెతకాల్సింది దీన్నే. ఒక చోట ఇచ్చిన కనెక్షన్ ఇంకో చోట ఆసుపత్రి ఖర్చవుతుంది. ఇది మాటవరసకు అనడం లేదు.

అయితే ఇవ్వొద్దంటారా అని మీరు అడగొచ్చు. అనను. ఆ 300 మందీ మన ఊరివాళ్లే, వాళ్లకూ నీళ్లు కావాలి. ఎలా ఇవ్వాలన్నదే ప్రశ్న. ఇళ్లకు నీళ్లొదిలే గంటలో ఇవ్వకండి. కింద సంపు కట్టించండి, కనీసం ఒకరోజు వాడకం పట్టేది, అంటే ఇక్కడ 40,500 లీటర్లకు తగ్గకుండా. రాత్రిపూట ఇళ్ల సరఫరా లేనప్పుడు ఆ సంపు నింపండి. దానికి రాత్రి ట్యాంకులో నీళ్లుండాలి, అంటే ఇంకొన్ని గంటలు పంపు నడవాలి, ఆ కరెంటు ఖర్చు ఎవరిది? వాళ్లు కట్టాల్సిన డబ్బు చెప్పే డిమాండు నోటీసులో అది రావాలి. సోర్సులోనే, అంటే మనం నీళ్లు తెచ్చుకునే చోటే, నీళ్లు లేకపోతే ఎన్ని గంటలు నడిపినా లాభం లేదు, అప్పుడు వాళ్లను ఆగమనడమే న్యాయం. ఇంకా, కనెక్షన్ వీధి లైను నుంచి కాకుండా ట్యాంకు నుంచి వచ్చే పెద్ద లైను నుంచి వాళ్ల ఖర్చుతో వేయించండి. మీటరు ఉండాలి. వెనక్కి పారకుండా నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి. రోజుకు ఇన్ని లీటర్లే పారేలా వాల్వు బిగించి సీలు వేయాలి. సీలు ఎవరు వేశారో, ఏ తేదీన వేశారో రిజిస్టర్లో ఉండాలి. వాల్వుమన్ మీద వదిలేస్తే రేపు అతని మీద వచ్చే ఒత్తిడి మీకూ తెలుసు.

మురుగు సంగతి చాలామంది మర్చిపోతారు. వాడిన నీళ్లలో 80 శాతం దాకా మురుగుగా బయటికి వస్తుంది. 40,500లో దాదాపు 32,000 లీటర్లు. రోజుకు. ఆ వీధిలో ఉన్నది వాననీటి కాలువ ఒక్కటే అయితే ఆ 32,000 ఎక్కడికి పోతాయి? కాలువలోకి. కాలువ ఎక్కడికి? చెరువులోకి. నీటి కనెక్షన్ నోటుతోపాటే మురుగు నోటు కూడా రావాలని తీర్మానం చేసుకోండి. అది లేని అంశాన్ని వాయిదా వేయండి.

క్యాన్ వాటర్ ప్లాంటువాళ్లు మున్సిపల్ నీళ్లు అడిగితే ఒక్కటే గుర్తుంచుకోండి. చిన్న ప్లాంట్లలో లోపలికి పోయిన నీళ్లలో సగం దాకా వృథాగా బయటికి పోతాయి. మనం శుద్ధి చేసి పంపిన నీళ్లను మళ్లీ శుద్ధి చేసి, సగం పారబోసి, మిగతాది అమ్ముకోవడానికి ఊరి ట్యాంకు ఎందుకు? బోరు వేసుకుంటామంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. అది వేరే దారి, మీ దగ్గరికి రావాల్సింది కాదు.

నీళ్ల సంగతి అయింది. ఇప్పుడు ఖాళీ స్థలాలు.

లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి, దాన్ని, రోడ్లను గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా మున్సిపాలిటీకి రాసివ్వాలి. ఐదెకరాల లేఅవుట్ అంటే 24,200 గజాలు, అందులో 2,420 గజాలు ఊరివి. మీ ఊళ్లో గజం ఎంతుందో వేసుకోండి, అప్పుడు తెలుస్తుంది మీరు చేతులెత్తి ఆమోదించేది ఎంత విలువైనదో.

ఇక్కడికి వచ్చే విన్నపాలు ఎప్పుడూ మంచి పేరుతోనే వస్తాయి. హాలు, గుడి, లైబ్రరీ, సంఘ భవనం. ‘ఊరికి ఉపయోగమే కదండీ’ అంటారు. 300 గజాలు అడుగుతారు. కట్టేటప్పుడు చూడండి. హాలు 300, వంటశాల వేరే, మరుగుదొడ్లు వేరే, సెప్టిక్ ట్యాంకు, జనరేటరు, చుట్టూ ప్రహరీ, పెళ్లిళ్లకు వచ్చే కార్లు. చివరికి మిగిలేది ప్రహరీకీ రోడ్డుకీ మధ్య నాలుగు చెట్లు. తాళం చెవి సంఘం అధ్యక్షుడి దగ్గర ఉంటుంది. పిల్లలు రోడ్డు మీద ఆడతారు.

కోర్టులు దీని మీద ఏమన్నాయో తెలుసుకోవడం మీకు మంచిది, ఎందుకంటే రేపు కేసు పడితే నోటీసు వచ్చేది మున్సిపాలిటీకే. హర్యానాలో థానేసర్ అని చిన్న పట్టణం, కురుక్షేత్రం పక్కనే. అక్కడ టౌన్ ప్లానింగ్ స్కీములో ఖాళీగా వదిలిన స్థలాన్ని ఒక సంఘానికి ధర్మశాల కట్టుకోమని లీజుకిచ్చారు. ధర్మశాల, మంచి పనే! స్థానికులు కోర్టుకు వెళ్లారు. 1995లో సుప్రీంకోర్టు ఆ లీజు చెల్లదంది. ఖాళీ జాగా, గాలి, వెలుతురు కూడా జీవించే హక్కులో భాగమే అంది. అంతకుముందే, 1991లో, బెంగళూరులో పార్కు స్థలాన్ని ఒక ట్రస్టుకు ఆసుపత్రి కోసం కేటాయిస్తే దాన్నీ ఒప్పుకోలేదు. ఆసుపత్రి గొప్పా, పార్కు గొప్పా అని అక్కడ వాదన నడిచింది. పార్కు అని ప్లానులో రాసి, జనం ఇళ్లు కట్టుకున్నాక దాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడానికి వీల్లేదంది కోర్టు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు కోర్టుకెళ్లే హక్కుందని కూడా తేల్చింది. ఇది చాలా ముఖ్యం.

లక్నో సంగతి ఇంకా గట్టిది. అమీనాబాద్‌లో ఝండేవాలా పార్కు ఉంది, స్వాతంత్ర్యోద్యమ సభలు జరిగిన చోటు. నగర మహాపాలిక టెండరు కూడా పిలవకుండా ఒక బిల్డరుకు దాని కింద భూగర్భ షాపింగు కాంప్లెక్సు కట్టడానికి ఇచ్చేసింది. పైన పార్కు అలాగే ఉంటుంది, రద్దీ తగ్గుతుంది అన్నారు. 1999లో సుప్రీంకోర్టు ఆ కాంప్లెక్సు కూలగొట్టి పార్కును పునరుద్ధరించమంది. కట్టిన తర్వాత! బిల్డరు డబ్బూ పోయింది, పార్కు చెట్లూ పోయాయి. మన తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల కేసు కూడా ఉంది, 2006 తీర్పు. చెరువు భూములు ఇళ్ల కోసం పోయాయి. ఇళ్లు కూడా జనానికే కదా అని ప్రభుత్వం వాదించింది. ఇలాంటి వనరులను ప్రజల తరఫున ధర్మకర్తగా కాపాడే బాధ్యత ప్రభుత్వానిది అని కోర్టు గుర్తుచేసింది.

గుడులు, ప్రార్థనా మందిరాల సంగతి కూడా చెప్పాలి. ఎవరి మనసూ నొప్పించడానికి కాదు. వీధుల్లో, పార్కుల్లో, బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతానికి చెందిన కట్టడమూ కొత్తగా రాకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మీ దగ్గరికి వచ్చినవాళ్లకు ఆ మాట మర్యాదగా చెప్పండి. చెప్పకుండా ‘చూద్దాంలే’ అంటే వాళ్లు చందాలు వసూలు చేసి పునాది తీస్తారు. అప్పుడు వద్దనడం చాలా కష్టం.

మరి మీరు చేయగలిగిందేమిటి? మొదట కాగితాలు. మీ వార్డులో ఉన్న ప్రతి లేఅవుట్‌కీ ఆమోదించిన ప్లాను కాపీ, గిఫ్ట్ డీడ్ నంబరు, సర్వే స్కెచ్, మున్సిపాలిటీ ఆస్తుల రిజిస్టరులో ఎంట్రీ, ఈ నాలుగూ ఉన్నాయో లేదో టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. గిఫ్ట్ డీడ్ కాని స్థలం ఉంటే అదే ముందు అమ్ముడుపోతుంది. ప్లానులో పార్కు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ప్లాటు. అందుకే ఈ స్థలాల సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద అమ్మకాలు రిజిస్టరు చేయకుండా ఆపే నిషేధిత జాబితాలో చేర్చమని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పంపించాలి. హద్దురాళ్లు పాతి, కంచె వేసి, బోర్డు పెట్టాలి. బోర్డు మీద ఎన్ని గజాలో రాయండి. ‘మున్సిపల్ స్థలం’ అని మాత్రమే రాస్తే చాలదు. గజాలు రాసి ఉంటే పక్కింటాయన ప్రహరీ రెండడుగులు ముందుకు జరిపినప్పుడు కాలనీ పిల్లాడు కూడా కొలిచి చెప్పగలడు.

రోడ్డు తవ్వకం గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్డు మళ్లీ వేయడానికయ్యే డబ్బు ముందే కట్టించుకోండి. గోతిలో మట్టి ఒకేసారి పోసి కప్పితే మొదటి వానకు కుంగుతుంది. 15, 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయాలి. సీసీ రోడ్డయితే తవ్వినంత మేర సిమెంటు పూత పూసి వదిలేయకూడదు, రంపంతో అంచు కోసి ఆ పలక మొత్తం మళ్లీ వేయాలి. కొత్త రోడ్డు వేసే ముందు వీధిలో అందరికీ నోటీసు ఇచ్చి, కొళాయి, కేబుల్ పనులు ముందే చేసుకోమనండి. ఇది చేస్తే సగం విన్నపాలు రానే రావు.

దుకాణాల లీజు. పాత లీజుదారు పొడిగింపు అడుగుతాడు, ఎన్నేళ్లుగానో ఉన్నాడు, జీవనం గడుస్తోంది. సానుభూతి సహజం. కానీ ముందు చూడాల్సింది షాపులో కూర్చున్నది ఎవరో. లీజు ఒకరి పేరు మీద, వ్యాపారం ఇంకొకరిది అయితే, మున్సిపాలిటీకి 3,000 కట్టి లోపలివాళ్ల దగ్గర 12,000 తీసుకుంటున్న చోట, మీ సానుభూతి చేరేది మధ్యవాళ్లకు. రెవెన్యూ విభాగం వాళ్లను పంపి, ట్రేడ్ లైసెన్సు ఎవరి పేరున ఉందో, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో తెప్పించుకోండి. అది వచ్చాకే చర్చ.

ఇక మీటింగులో ఏం చేయాలి. ముందుగా, ఊరి ఆస్తికి సంబంధించిన ఏ విన్నపమూ టేబుల్ ఎజెండాగా రాకూడదు. అప్పటికప్పుడు కాగితం చేతిలో పెట్టి చేతులెత్తమంటే ఎత్తకండి. వచ్చే నెలకు పెట్టమనండి. నెల ఆగితే ఏ కొంపా మునగదు. ఛైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో ఇచ్చేసి, తర్వాత కౌన్సిల్ ముందు ఆమోదానికి పెట్టే పద్ధతి కూడా ఉంది. పైపు పగిలినప్పుడు అది అవసరం. కనెక్షన్లకు, లీజులకు అవసరం లేదు.

తీర్మానం రాసే తీరు చూడండి. ‘తాత్కాలికంగా అనుమతించడమైనది’ అని ఉంటుంది. ఎప్పటి వరకు? తేదీ లేని తాత్కాలికం శాశ్వతమే. ‘మానవతా దృక్పథంతో’ అని ఉంటుంది. రేపు పక్కవీధి వాళ్లు అదే దృక్పథం అడిగితే ఏం చెబుతారు? ఇందాకటి అపార్ట్‌మెంటు తీర్మానం ఎలా ఉండాలో చెబుతాను, రాసుకోండి. ‘60 ఫ్లాట్లు, 300 మంది, రోజుకు 40,500 లీటర్లకు మించకుండా, ఫలానా ట్యాంకు పెద్ద లైను నుంచి, యజమానుల ఖర్చుతో, సంపు, మీటరు, నాన్ రిటర్న్ వాల్వు బిగించినట్టు ఏఈ ధ్రువీకరించాక, రాత్రి వేళల్లో మాత్రమే, చివరి వీధిలో ప్రెషరు నిర్ణీత మట్టం కంటే తగ్గితే నోటీసు ఇచ్చి నిలిపివేసే హక్కు మున్సిపాలిటీకి ఉండేలా, మూడు నెలల తర్వాత మీటరు రీడింగు, చివరి వీధి ప్రెషరు కౌన్సిల్ ముందు పెట్టేలా ఆమోదించడమైనది.’ పొడుగే. పొడుగుండాలి.

అడిగినవాళ్లు మీ బంధువులో, వ్యాపార భాగస్వాములో అయితే ఆ సంగతి ముందే చెప్పి ఓటుకు దూరంగా ఉండండి. తమకు ఆర్థిక ప్రయోజనం ఉన్న అంశం మీద సభ్యులు ఓటు వేయకూడదు. మెజారిటీ మీకు వ్యతిరేకంగా వెళ్తే అరిచి బయటికి వెళ్లిపోకండి. అసమ్మతి పత్రం రాసివ్వండి. అందులో తిట్లు వద్దు, అంకెలు రాయండి: ట్యాంకు సామర్థ్యం, జనాభా, అడిగినన్ని లీటర్లు, చివరి వీధికి మిగిలేది. మినిట్స్‌లో ఎక్కిందో లేదో చూసుకుని సంతకం పెట్టండి. చట్టానికి విరుద్ధంగా ఉన్న తీర్మానాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, కేసు పడితే కోర్టు కూడా రికార్డులు తెప్పించుకుంటుంది. అప్పుడు పనికొచ్చేది మినిట్స్‌లో ఉన్న మీ కాగితమే, మీరు హాల్లో ఎంత గట్టిగా మాట్లాడారన్నది కాదు.

మూడు నెలల తర్వాత ఆ మీటరు రీడింగు వచ్చిందో లేదో అడగాల్సింది కూడా మీరే. రాకపోతే దాన్నే తర్వాతి మీటింగులో అంశంగా పెట్టించండి. రీడింగు 40,500 దాటి ఉంటే ముందు నోటీసు, తర్వాత వాల్వు బిగింపు. వార్డు కమిటీ సభ్యులు ఆ వారమే చివరి రెండు వీధుల్లో నీళ్లొచ్చే వేళకు వెళ్లి, ఒక బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో ఐదారిళ్లలో చూసి రాసుకు రండి. కనెక్షన్ ఇవ్వకముందు కూడా అదే ఇళ్లలో, అదే బిందెతో చూసి ఉంచుకోండి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇక మీ ప్రశ్నలు. వచ్చే నెల ఎజెండా కాపీ తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, అందులో ఉన్న అంశాలతోనే మొదలుపెడదాం.